తలెత్తని పూలు

“మంగళవారం నుంచి ఆ తోపులో ఎవరూ అడుగు పెట్టలేదు,” అంది లేడీ సిబిల్. “నేను కూడా.”

సార్జెంట్ హిల్డా ప్రాసర్ తల ఊపింది. ఊపుతూనే ఎదుటామె పావడా వైపు చూసింది. ముతక ఉన్ని పావడా. సరిగ్గా మోకాళ్ళ దగ్గర రెండు గుండ్రటి తడి మరకలున్నాయి.

హార్కం హాల్ అనే ఆ బంగళాలో అన్ని గదుల్లాగే ఈ గదీ బయటికంటే చల్లగా ఉంది. పొయ్యిలో పిడికెడు మంట. ఆ మంటని కూడా ఒక ముసలి కుక్క మొత్తం తానే కాచుకుంటోంది. హిల్డా కోటు విప్పలేదు, విప్పమని ఎవరూ అనలేదు. ఇచ్చిన టీ అప్పుడే చల్లారిపోయింది.

“మీ తోటలో పనిచేసే నెస్తా బెడోస్‌ని మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?”

“నిన్న మీ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను.”

“ఆయన వేరు, నేను వేరు. నాకోసం ఇంకోసారి చెప్పండి.”

“గురువారం సాయంత్రం ఐదింటికి, కుండీల షెడ్డులో. చీకటి పడుతోంది, ఇంటికి పొమ్మన్నాను. పోయింది.”

“ఇంటికి చేరలేదు కదండీ.”

“ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇరవై రెండేళ్ళ పిల్లలు ఇంటికి చేరకపోవడం కొత్తా?” లేడీ సిబిల్ నిటారుగా కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. ముఖంలో ఒక్క కండరం కదలదు. “మీకు పిల్లలున్నారా, సార్జెంట్?”

“ఒక్కతే కూతురు. బర్మింగ్‌హామ్‌లో నర్సు చదువు చదువుతోంది.”

“అయితే మీకు ఎవరి పిల్ల కనబడకపోయినా పాడె కట్టడమే కనిపిస్తుంది.”

అందులో అబద్ధం లేదు. నిన్న రాత్రి కూతురు గ్వెన్ ఫోన్ చెయ్యలేదు. శుక్రవారం తప్పకుండా చేసే పిల్ల. పొద్దున్నుంచీ హిల్డా కళ్ళ ముందు బస్సులు బోల్తా పడుతూనే ఉన్నాయి. కీడెంచి మేలెంచమన్నారు. హిల్డా కీడు ఎంచడంలోనే పొద్దు గడిచిపోతుంది, మేలు దాకా ఎప్పుడూ రాదు. కానీ పోలీసు ఉద్యోగంలో ఆ జబ్బే ఆమెకి అన్నం పెడుతోంది.

“మీ వారిని, సర్ రోలండ్ గారిని కూడా ఒక మాట అడగాలి.”

“అడగాలంటే మదీరా దీవికి వెళ్ళండి. గురువారమే బయల్దేరారు. ఆయన ఛాతీకి మన ఫిబ్రవరి పడదు. నేనే స్టేషన్‌లో దింపాను.”

“అదే గురువారమా?”

“వారానికి ఒకటే గురువారం వస్తుంది.”

“స్టేషన్ పోర్టర్ని కనుక్కుంటాను.”

“కనుక్కోండి. మా ఆయన జన్మలో ఏ పోర్టర్ చేతిలోనూ చిల్లర పెట్టలేదు. అందుకని వాళ్ళు ఆయన్ని గుర్తుపెట్టుకోరు.”

హిల్డా ఇక ఆగలేకపోయింది. “మీ మోకాళ్ళు తడిశాయి అమ్మగారూ.”

లేడీ సిబిల్ కిందికి చూడలేదు. చూసుకుని ఉంటే హిల్డా అంత పట్టించుకునేది కాదు.

“పొద్దున చర్చిలో ప్రార్థన చేశాను.”

“తడి నేల మీదా?”

“పైకప్పు కారుతోంది. రేపు మీరంతా వచ్చి టీ తాగి, కేకు కొనేది ఆ పైకప్పు బాగుచేయించడానికే.” ఆమె లేచి నిలబడింది. ఆ ఇంట్లో లేచి నిలబడితే వెళ్ళమని అర్థం. “రేపు స్నోడ్రాప్ పూల ఆదివారం. జిల్లా అంతా నా పూలు చూడ్డానికి వస్తుంది. తోపుకి తాడు కట్టించాను. తాడు లోపల మీ వాళ్ళ బూటు పడటానికి వీల్లేదు. ఇన్‌స్పెక్టర్ రడ్జ్ మాట ఇచ్చారు.”

*

ఇన్‌స్పెక్టర్ క్లైవ్ రడ్జ్ గుర్రపుశాల వాకిట్లో నిలబడి కేకు తింటున్నాడు. రేపటి కోసం ఊరి ఆడవాళ్ళు తెచ్చిన కేకులు అక్కడ బల్లల మీద వరసగా ఉన్నాయి. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన మనిషి. బూట్లకి మట్టి అంటలేదు.

“ఏమ్మా ప్రాసర్, రాణీగారి దర్శనం అయిందా? ఏమన్నా ప్రసాదం పెట్టిందా?”

“చల్లటి టీ పెట్టింది సార్. పావడా తడిగా ఉంది, మోకాళ్ళ దగ్గర.”

“పావడా!” రడ్జ్ చేతుల మీది పొడి దులుపుకున్నాడు. “నేను మనిషిని పట్టుకుని లోపల వేశాను. నువ్వు పావడాలు చూసుకుంటున్నావు. ఆ డేవీ పగ్ గాడికి ఆ పిల్లతో పెళ్ళి కుదిరింది. పోయిన ఆదివారం ఇద్దరూ రోడ్డు మీద అరుచుకున్నారు. వాడి కోటు నిండా రక్తం. సాయంత్రం నాలుగింటికి హత్యానేరం మోపుతున్నాను.”

“ఫిబ్రవరిలో గొర్రెల కాపరి కోటుకి రక్తం లేకపోతే అప్పుడు అనుమానించాలి సార్. గొర్రెలు ఈనే రోజులు.”

“గొర్రె రక్తమో మనిషి రక్తమో పరీక్ష చేసేవాళ్ళు చెప్తారు.”

“సోమవారం చెప్తారు. మీరు నాలుగింటికే మోపుతానంటున్నారు.”

“మరి వాడు నోరు విప్పడే? నిన్నటి నుంచి ఒక్క ముక్క మాట్లాడలేదు. తప్పు చెయ్యనివాడు ‘నేను చెయ్యలేదు’ అని కూడా అనడా?”

నిజానికి హిల్డాని రాత్రంతా తినేసింది కూడా అదే. డేవీ దిగులుగా లేడు. దిగులుంటే తెలిసిపోతుంది. వాడు పళ్ళు బిగించి కూర్చున్నాడు, ఏదో మోస్తున్నవాడిలా.

“తోపు వెతికారా సార్?”

“చుట్టూ వెతికాం. లోపలికి పోకుండా తాడు కట్టి ఉంది.”

“తాడా?”

“వినపడలేదా? తాడు. రేపు మన పోలీసు పెద్ద, చీఫ్ కానిస్టేబుల్ గారి భార్య స్వయంగా ఇక్కడ టీ పోస్తారు. ఆవిడ వచ్చేసరికి పూలు చితికి ఉంటే నీ సార్జెంట్ చారలు ఉండవు, నా ఉద్యోగం ఉండదు.”

పిల్ల కనబడక రెండు రోజులైంది. పాతికమంది మగాళ్ళు కుక్కలతో లోయంతా గాలించారు. వాగులో కర్రలేసి పొడిచారు. కానీ ఇంటి వెనకే ఉన్న తోపు దగ్గరికి వచ్చేసరికి సన్నటి నార తాడు చూసి, టోపీలు సర్దుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు. ఎవరూ కాదనలేదు. ఎవరికీ తప్పనిపించలేదు. నిన్న అయితే హిల్డాకీ అనిపించలేదు.

*

తాడు దగ్గర నెస్తా తల్లి నిలబడి ఉంది. ఓల్వెన్ బెడోస్ గిడసబారిన చిన్న మనిషి. తలకి కట్టుకున్న రుమాలు కింద కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నిన్న చీకటి పడేదాకా ఇక్కడే ఉందని, ఇవాళ పోలీసు కారు వచ్చాక మళ్ళీ వచ్చిందని కానిస్టేబుల్ యాప్‌లీ చెప్పాడు.

“నేనూ దాటలేదమ్మాయ్,” అంది అడగకముందే. “ఆవిడ తోపు కదా. మా పిల్ల దీన్ని కన్నబిడ్డలా చూసుకునేది. తొక్కితే నన్నే తిడుతుంది.”

హిల్డా తాడు ఎత్తి పట్టుకుంది. “రండి, తొక్కకుండా నడుద్దాం.”

ఓక్ చెట్ల కింద నేలంతా తెలుపు. కొంత పూలు, కొంత మంచు. తెల్లవారుజామున పడిన నూగుమంచు చెట్ల నీడల్లో ఇంకా కరగలేదు. కాకులు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఆ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి స్నోడ్రాప్ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. గడ్డకట్టే చలికి ఆ పూలు నేల మీద వాలిపోతాయి, చచ్చాయేమో అనుకుంటాం. పొద్దెక్కి చలి విరిగిందంటే ఒక్కొక్కటే తలెత్తుతాయి. పదింటికి హిల్డా లేడీ సిబిల్ గది కిటికీలోంచి చూసినప్పుడు తోపంతా వాలి ఉంది. ఇప్పుడు తోపంతా లేచి నిలబడింది.

ఒక్కచోట తప్ప.

పెద్ద ఓక్ మొదలుకి అవతల, మంచమంత మేర, పూలు నేలకి కరుచుకుని ఉన్నాయి. హిల్డా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వేర్లు తెగిన మొక్క నీళ్ళు తాగలేదు, నీళ్ళు తాగనిది తలెత్తలేదు. ఇవి తీసి మళ్ళీ నాటినవి.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. ఓక్ నీడ ఆ మంచమంత చోటు మీదుగా పడుతోంది. నీడలో మిగతా నేలంతా తెల్లగా ఉంది. ఇక్కడ మాత్రం నల్లటి మట్టి. మంచు పడ్డాక కదిలించిన మట్టి. ఒక్కో కుదురుకీ సమానమైన ఎడం. చుట్టూ మడమతో అదిమి, పైన కుళ్ళిన ఆకుల పొడి చల్లి ఉంది.

శవాన్ని పాతేవాడు మొక్కల్ని పీకి అవతల పారేస్తాడు. మట్టి కప్పి పరిగెడతాడు. ఒక్కో కుదురునీ పక్కన పెట్టుకుని, మళ్ళీ తెచ్చి, లోతు చూసుకుని నాటడు. ఇలా నాటినవాళ్ళకి ఒక ప్రాణం పోయిందన్న భయం కన్నా పూల ప్రాణం పోతుందన్న బాధ ఎక్కువైంది.

“ఏమిటమ్మాయ్?” అంది ఓల్వెన్ వెనకనుంచి. “ఏమిటది?”

హిల్డాకి వెనక్కి తిరిగి ఆ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. “యాప్‌లీ,” అని కేక వేసింది. “పార తీసుకురా.”

*

నాలుగు పారల మట్టి తీశాడో లేదో రడ్జ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి బూట్లకి మట్టి అంటింది.

“ఆపు! ఎవరిచ్చారు నీకు అధికారం?”

“ఎవరూ ఇవ్వలేదు సార్.”

“పూలు వాలిపోయాయని గొయ్యి తవ్వుతావా? పూలన్నాక వాలిపోవా? మా ఆవిడ పెట్టిన గులాబీలు ఏడాది పొడుగునా వాలే ఉంటాయి, నేనేం పెరడు తవ్వించానా?”

“తవ్వించాల్సింది సార్, ఎవరు దొరికేవారో.”

యాప్‌లీ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. రడ్జ్ ముఖం కందిపోయింది. “తప్పయితే సోమవారం నీ రాజీనామా నా బల్ల మీద ఉండాలి.”

“ఇప్పుడే ఇస్తాను. తవ్వు యాప్‌లీ.”

ఓల్వెన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. హిల్డా ఆమె పక్కకి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. పార దేనికో మెత్తగా తగిలింది. యాప్‌లీ పార పక్కన పడేసి చేతులతో మట్టి తోశాడు.

ముందు చెయ్యి కనిపించింది. మచ్చలు పడిన ముసలి మగవాడి చెయ్యి. చిటికెన వేలికి కొంగ బొమ్మ చెక్కిన బంగారు ఉంగరం. అదే కొంగ ఈ ఇంటి గేటు మీద రాతిలో ఉంది.

“సర్ రోలండ్,” అన్నాడు రడ్జ్. ఎంత నెమ్మదిగా అన్నాడంటే అతని గొంతులా లేదు.

ఓల్వెన్ అక్కడే కూలబడిపోయింది. ఏడుస్తోందనుకున్నారు. కాదు, నవ్వుతోంది. “కాదు... మా పిల్ల కాదు... దేవుడా, నన్ను క్షమించు, మా పిల్ల కాదు.” చెంపలు వాయించుకుంటోంది, నవ్వు ఆగడం లేదు. చేతికి అందిన పూలకుదురు ఒకటి తీసి గుండెకి హత్తుకుంది. అప్పుడు దాన్ని చూసింది.

“అమ్మాయ్! ఇది మా పిల్ల చెయ్యి!”

“ఏదండీ?”

“ఇదిగో, చూడు. దుంప మెడ చుట్టూ నాచు చుట్టి ఉంది. చలికి దుంప బిగుసుకుపోకుండా మా అమ్మ అలా చుట్టేది. నేను నెస్తాకి నేర్పాను. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చుట్టరు. అదిగో అటువైపువి చూడు, వాటికి లేదు. అవి అమ్మగారు పెట్టినవి, ఈ తోపులో నాటేది వాళ్ళిద్దరే. ఇటువైపువన్నీ మా నెస్తా పెట్టింది. పొద్దున మంచు పడ్డాక పెట్టింది, నువ్వే చూశావుగా మట్టి! బతికే ఉంది. నా పిల్ల ఇవాళ పొద్దున బతికే ఉంది!”

అప్పుడు ఓల్వెన్‌కి తన మాట తనకే వినపడింది. గోతిలోని చెయ్యి వైపు చూసింది. నాచు వైపు చూసింది. మెల్లగా వంగి, ఒక్కో కుదురు మెడనుంచీ నాచు లాగి, జేబులో కుక్కుకోవడం మొదలుపెట్టింది.

“వదులు!” రడ్జ్ అరిచాడు. “అది సాక్ష్యం!”

“ఏం సాక్ష్యం? నాచు. తోపంతా నాచే. నాకు కళ్ళు సరిగా కనబడవు బాబూ, ఏదో వాగాను...”

హిల్డా ఆమె చేతులు రెండూ పట్టుకుంది. అవి గడ్డకట్టినంత చల్లగా ఉన్నాయి. “ఓల్వెన్‌గారూ, చాలు. చెప్పేశారు.” ఆ రెండు మాటలు అనడానికి హిల్డాకి ప్రాణం పోయినంత పనైంది. రెండు రోజులుగా కూతురు బతికి ఉండాలని మొక్కుకున్న తల్లి, అది బతికుందని తన నోటితోనే నిరూపించి, ఆ నోటితోనే దాన్ని శవం పక్కన నిలబెట్టింది.

డేవీ పగ్ పళ్ళు ఎందుకు బిగించుకున్నాడో ఇప్పుడు అర్థమైంది. నెస్తా ఏం చేసిందో వాడికి తెలుసు.

గోతికి అవతల తడిపిన గోనెపట్టా కింద ఇంకా నాటని కుదుళ్ళు కొన్ని మిగిలి ఉన్నాయి. పోలీసు కారు గేట్లో తిరిగిన చప్పుడు విని పని మధ్యలో వదిలేసి ఉంటారు. ఒకరు ఇంట్లోకి, తడి పావడాతో. రెండోవాళ్ళు...

హిల్డా నీడల వెంట చూసింది. మిగిలిన మంచు మీద ఒకే ఒక్క మనిషి అడుగులు, చిన్న బూట్లవి, తోపు చివరనున్న మంచుగది వైపు తిన్నగా వెళ్ళాయి. ఎవరూ ఈడ్చుకెళ్ళలేదు. తనే నడిచి వెళ్ళింది.

*

పూర్వం చెరువులో గడ్డకట్టిన మంచు కోసుకొచ్చి వేసవికి దాచుకున్న గది అది. యూ అనే దట్టమైన చెట్ల కింద మట్టిదిబ్బలో ఇటుకలతో కట్టింది. ఒకటే చెక్క తలుపు. బయట తాళం లేదు, గొళ్ళెం లేదు. హిల్డా భుజంతో తోసింది. కదల్లేదు.

గడియ లోపలినుంచి వేసి ఉంది.

“కొట్టకండి!”

లేడీ సిబిల్ ఇంటి వైపునుంచి వస్తోంది. కోటు లేదు, టోపీ లేదు. అరవై దాటిన ఆ మనిషి పూల మీదుగా, పూలని తొక్కుకుంటూ పరిగెత్తి వస్తోంది. “తలుపు కొట్టకండి. రోలండ్ తుపాకి లోపల దాని దగ్గర ఉంది.”

రడ్జ్ అడుగు వెనక్కి వేశాడు.

“నేనే చంపాను, రాసుకోండి,” అంది లేడీ సిబిల్ ఆయాసపడుతూ. “నా భర్తని నేనే చంపాను, నేనే పాతాను. దానికేం సంబంధం లేదు. రాసుకోండి అంటుంటే!”

“అబద్ధం, అమ్మగారూ,” అంది లోపలినుంచి ఒక గొంతు. నీరసంగా, చలికి వణుకుతూ. “ఎన్నిసార్లు చెప్పాను, ఇంక ఆ మాట చెప్పొద్దని. ఆ పెద్దమనిషి షెడ్డులోకొచ్చి తలుపు వేశాడు. నా చేతికి పార అందింది. అంతే.”

“నెస్తా, నోరు మూసుకో!” అంది లేడీ సిబిల్. ఆ గదమాయింపు సగంలోనే విరిగిపోయింది. హిల్డా వైపు తిరిగి, గొంతు తగ్గించింది. “రెండు రాత్రులు, అది తనని తాను కాల్చుకుంటుందేమోనని, ఈ తలుపు దగ్గరే ఉన్నాను. పొద్దున పూలు నాటాలన్నాను, చచ్చిపోతున్నాయి అన్నాను. పూల కోసం బయటికి వచ్చింది. నాటుతున్నంతసేపూ మామూలుగానే ఉంది. మీ కారు చప్పుడుకి ఆ పనీ ఆగిపోయింది, సార్జెంట్.”

“మనుషుల్ని పిలిపిస్తాను,” అన్నాడు రడ్జ్. “తలుపు పగలగొట్టి...”

“ఒక్క అడుగు ముందుకు వేస్తే మీ కాలు విరగ్గొడతాను సార్,” అంది హిల్డా. అతనికి వినపడేంత మెల్లగానే అంది.

ఓల్వెన్ అందరినీ తప్పించుకుని వచ్చింది. తలుపుకి వీపు ఆనించి, తడి ఇటుకల మీద మెల్లగా కూర్చుంది.

“నెస్తా.”

“అమ్మని తీసుకెళ్ళిపొండి,” అంది లోపలి గొంతు. “అమ్మ ఉండకూడదు. దయచేసి తీసుకెళ్ళిపొండి.”

“నేనెక్కడికీ పోను. నిన్నా ఇవాళా ఆ తాడు దగ్గరే నుంచున్నాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, ఇప్పుడు కూర్చున్నాను, నువ్వొచ్చి లేపితే తప్ప లేవలేను.”

“నేనేం చేశానో విన్నావుగా అమ్మా.”

“విన్నాను. వాడి సంగతి నన్ను అడక్కు. నాకు వాడెవడో తెలియదు. నాకు తెలిసింది నువ్వు అన్నం తినలేదని. చెయ్యి కడుక్కున్నావా? మట్టి చేతులతో కళ్ళు తుడుచుకుని ఉంటావు. చిన్నప్పుడూ అంతే.”

లోపల ఏడుపు వినిపించింది. గట్టిగా కాదు. చాలాసేపు నొక్కిపట్టి, ఇక పట్టలేక వదిలేసినట్టుంది.

“వాళ్ళు నన్ను తీసుకుపోతారు.”

“తీసుకుపోతారు. నేనూ వస్తాను. గుమ్మం దాకా వస్తాను, లోపలికి రానివ్వకపోతే బయట కూర్చుంటాను. బతికున్నావు కదే. నాకు అంతే చాలు. తియ్యమ్మా.”

హిల్డా తలుపుకి చెవి ఆనించింది. లేడీ సిబిల్ కళ్ళు మూసుకుంది.

తలుపుకి అవతల, చీకట్లో, ఇనుము మీద ఇనుము కదిలిన చప్పుడైంది. అది గడియ చప్పుడో, తుపాకి చప్పుడో, తలుపుకి చెవి ఆనించి ఉన్న హిల్డాకి తెలియలేదు.